సిగ్నల్ అందని చోట

యాభైమూడో రొట్టె పెనం మీద ఉండగా మా అమ్మాయి నా ఫోన్‌లో కొత్త సిమ్ వేసింది. వేసిందంటే, ఫోన్ వెనక ఏమీ తెరవలేదు. తన ఫోన్‌లో ఉన్న నలుపు తెలుపు గళ్ల బొమ్మను నా ఫోన్ కెమెరాకు చూపించింది, అంతే.

"సిమ్ ఏదే?" అని అడిగాను, పిండి చేతులతో.

"ముక్క ఉండదమ్మ. గిది ఈ-సిమ్. నువ్వు ఆ దేశాలల్ల దిగంగనే తనంతట తనే అక్కడి నెట్‌వర్క్ పట్టుకుంటది. ఒక దేశంకెళ్లి ఇంకో దేశం పోయినా మళ్ల ఏం చేసేదుండదు. కాల్స్ రావు, నెట్టే వస్తది. వాట్సాప్ మన పాత నంబర్ మీదనే నడుస్తది."

మరుసటి రోజు నేను బయలుదేరాలి. పదిహేను రోజులు ఇంట్లో ఉండను కాబట్టి, మా పుట్టింటి వైపు చేసే కడక్ రొట్టెలు కాల్చి పెడుతున్నాను. జొన్నపిండితో పల్చగా చేసి పెళపెళలాడేటట్టు ఆరబెడితే నెలరోజులైనా చెడిపోవు. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక డబ్బా, చింతపండు గుజ్జు ఒక డబ్బా, పల్లీల పొడి రెండు డబ్బాలు ఫ్రిజ్‌లో సర్దాను. మా అత్తమ్మ నాగేంద్రమ్మ వచ్చి ఒక రొట్టె విరిచి నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది" అంది. తర్వాత, "అడివిని చూసెటోళ్లు గంతమంది ఉండంగ నిన్నే పంపుడేందో" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

హాల్లోంచి మా ఆయన దినేష్ అడిగాడు. "ఆ దేశాలల్ల గూడ మ్యాప్‌ల కనబడ్తదా మీ అమ్మ?"

"కనబడ్తది డాడీ. నెట్ ఉంటే ఎక్కడైనా కనబడ్తది."

"అయితే ఇంక ఫికర్ లేదు" అన్నాడాయన, నిశ్చింతగా టీవీ చప్పుడు పెంచుతూ.

నేను అటవీశాఖలో బీట్ ఆఫీసర్‌ని. పుట్టింది గద్వాల దగ్గర మల్దకల్‌లో, మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో. పెళ్లయి నాగర్‌కర్నూల్ వచ్చాక పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. రోజూ తెల్లవారకముందే లేచి వంట చేసి, రెండు బస్సులు మారి మన్ననూర్ వెళ్లి, నల్లమల అడవిలో నా కాపలాకిచ్చిన బీట్ తిరిగి, మళ్లీ రెండు బస్సులు మారి వచ్చి రాత్రి వంట చేస్తాను. దినేష్ బడిలో లెక్కల మాస్టారు. తాగడు, చెయ్యెత్తడు, గట్టిగా అరవడు. మా వాడకట్టులో ఆడవాళ్లందరూ "నీ మొగుడు దేవుడమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను తలూపుతాను. నాకు జరిగేది వాళ్లకు ఎట్లా చెప్పాలో నాకెప్పుడూ తెలియలేదు. చెప్పబోతే అది చాలా చిన్న విషయంలా ఉంటుంది.

ఆ చిన్న విషయం ఇది. ఏడేళ్ల కిందట ఒక వానాకాలం వాగు పొంగి, అడవిలో మా బేస్ క్యాంపులోనే రాత్రి ఉండిపోయాను. తెల్లవారి ఇంటికొచ్చేసరికి దినేష్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నిజంగానే భయపడ్డాడు. ఆ రోజే నా ఫోన్ తీసుకుని, నేనెక్కడున్నానో తన ఫోన్‌లో ఎప్పుడూ కనిపించేటట్టు పెట్టాడు. "నీ మంచికే" అన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను. అప్పటి నుంచి ఆయన మ్యాప్ మీద నా ఫోటో ఉన్న గుండ్రటి బిళ్ల ఒకటి తిరుగుతూ ఉంటుంది. నా ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో కూడా దాని కిందే చూపిస్తుంది. నాకంటే ముందు ఆయనకు తెలుస్తుంది. అమ్మను చూడ్డానికి మల్దకల్ పోతుంటే వనపర్తి బస్టాండ్‌లో బస్సు పది నిమిషాలు ఎక్కువ ఆగిందంటే ఫోను. "బిళ్ల కదుల్తలేదేంది?" డ్రైవర్ చాయ్ తాగుతున్నాడని చెప్పేదాన్ని. "ఏదీ, వీడియో పెట్టు." పెట్టేదాన్ని. డ్రైవర్ గ్లాసు చేత్తో పట్టుకుని నా ఫోన్ వైపు వింతగా చూసేవాడు.

మన్ననూర్ దాటి అడవిలోకి నాలుగైదు కిలోమీటర్లు పోతే టవర్ అందదు. బిళ్ల అక్కడే ఆగిపోతుంది. సాయంత్రం నేను ఇంట్లో చెప్పులు విడిచేలోపే ఆయన మొదలుపెట్టేవాడు. "పదకొండు నలభైకి ఆగింది. నాలుగున్నరకు కదిలింది. మధ్యల ఎక్కడున్నవ్?" గొంతులో కోపం ఉండదు. పిల్లల హాజరు తీసుకునేటప్పుడు ఉండే గొంతు. "సిగ్నల్ లేదు" అనేదాన్ని. ఈ ఏడేళ్లలో నేను ఎక్కువసార్లు పలికిన మాట అదే అయి ఉంటుంది. సంజాయిషీ ఇచ్చుకుంటున్నానన్న సంగతి కూడా కొన్నాళ్లకు మర్చిపోయాను. కుక్కర్ కడిగినట్టు, అత్తమ్మకు బీపీ గోళీ ఇచ్చినట్టు, అదీ ఒక పనైపోయింది.

అడవిలో మాత్రం నాకు బాలమ్మ ఉంది. చెంచు ఆమె, మా దగ్గర వాచర్‌గా చేస్తుంది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. జాడలు చదవడం ఆమే నేర్పింది. ఏది మగపులి అడుగో ఏది ఆడపులి అడుగో, పొద్దున పడిందా నిన్న పడిందా, నడిచిందా ఉరికిందా. తన చీర కుచ్చిళ్లు ఎగదోపి నేల మీద బోర్లా పడుకుని, వెలుతురు పక్క నుంచి అడుగు మీద ఎట్లా పడుతుందో చూడమనేది. అడవిలో చెట్లకు కట్టిన కెమెరాల ఫోటోల్లో ఒక ఆడపులిని చారలను బట్టి నేనే ముందు గుర్తుపట్టాను. మూడేళ్లుగా కనిపించక, చనిపోయిందనుకున్న పులి అది. ఆ నివేదిక ఎక్కడెక్కడో తిరిగి, యూరప్‌లో పెద్ద అడవిపిల్లుల మీద పనిచేసే ఒక సంస్థ వాళ్ల దాకా పోయింది. క్షేత్రంలో తిరిగే సిబ్బందే కావాలి, ఆఫీసర్లు వద్దు అని వాళ్లు పిలిచారట. నాలుగు దేశాల నుంచి ఐదుగురు. మన దగ్గర నుంచి నేను.

దినేష్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "మొగోళ్లెందరు వస్తుండ్రు?" అన్నాడు. అదే ఆయన మొదటి మాట.

వియన్నాలో విమానం దిగాక ఫోన్ తెరిచాను. పైన గీతలు లేవు. రెండు మూడు క్షణాలు ఖాళీగా ఉండి, తర్వాత ఒక్కొక్క గీతే లేచి, పక్కన ఎప్పుడూ వినని కంపెనీ పేరు వచ్చింది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఏ కాగితమూ నింపలేదు. ఏ కౌంటర్ దగ్గరా నిలబడలేదు. ఇంత దూరం నుంచి వచ్చిన నా ఫోన్‌ను ఈ దేశపు గాలి గుర్తుపట్టి పలకరించినట్టనిపించి, మెట్ల దగ్గర నిలబడిపోయాను. వెనక వాళ్లు తప్పుకుని వెళ్తున్నారు. అప్పుడు మొదలైంది టింగు టింగుమని. పద్దెనిమిది మెసేజీలు. గ్యాస్ బుక్కు ఎక్కడుంది. అత్తమ్మ గోళీ తెల్లదా పచ్చదా. కుక్కర్ రబ్బరు పట్టట్లేదు. చివరిది, "బిళ్ల ఇప్పుడు కనబడుతుంది, ఓకే."

అక్కడి నుంచి వ్యాన్‌లో స్లోవేనియా కొండల్లోకి తీసుకెళ్లారు. దారిలో ఒక సొరంగం వచ్చింది. ఎంత పొడుగంటే, లోపలికి పోయాక బయట పగలన్న సంగతే మర్చిపోతాం. సగం దూరం పోయాక డ్రైవర్ గోడ మీది గుర్తు చూపించి, "ఇక్కడిదాకా ఆస్ట్రియా. ఇక్కడి నుంచి స్లోవేనియా" అన్నాడు. వ్యాన్ ఆగలేదు, నెమ్మదించలేదు. కొండ కడుపులో దేశం మారింది. ఫోన్ చూసుకున్నాను. కంపెనీ పేరు మారి ఉంది. మన్ననూర్ చెక్‌పోస్టులో గేటు ఎత్తేది, దించేది మేమే. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పోయారు అని రాసి సంతకం తీసుకునేది మేమే. పుట్టింటికి పోవాలంటే రెండు వారాల ముందు ఇంట్లో చెప్పుకోవలసిన నేను, ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి కిటికీకి తలానించి కూర్చునే వచ్చేశాను. సొరంగం దాటగానే ఎదురుగా జూన్ నెల ఎండలో మంచు కొండలు. మంచు నేను ఫ్రిజ్‌లోనే చూశాను. పక్కన కూర్చున్న కెన్యా అమ్మాయి కూడా నోరు తెరిచి చూస్తోంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

మమ్మల్ని చూసుకునే పెద్దామె పేరు ఇరేనా. అరవై ఏళ్లుంటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, మోకాళ్లకు పట్టీలు, ఏ కొండైనా ఎక్కే మనిషి. ఆమెదీ నాదీ వచ్చీరాని ఇంగ్లీషే కాబట్టి బాగా అర్థమయ్యేది. వాళ్లు చూసే జంతువు లింక్స్. చిరుతంత ఉండదు గానీ పిల్లికి నాలుగైదింతలుంటుంది. చెవుల చివర నల్లటి కుచ్చులు, మొండి తోక, ఒంటి మీద మచ్చలు. వందేళ్ల కిందటే ఆ కొండల్లో ఒక్కటి మిగలకుండా వేటాడేశారట. వేరే దేశం నుంచి తెచ్చి వదిలితే మళ్లీ పెరుగుతున్నాయి. కొన్నిటికి మెడపట్టీలు కట్టారు. ఆ పట్టీలోనూ ఒక సిమ్ ఉంటుందని ఇరేనా చెప్పినప్పుడు నేను మళ్లీ అడిగి తెలుసుకున్నాను. అవును, సిమ్మే. లింక్స్ ఇటలీలోకి దాటితే ఇటలీ టవర్ నుంచి, ఆస్ట్రియాలోకి దాటితే అక్కడి టవర్ నుంచి తానెక్కడుందో పంపుతుంది. గోడకు వేలాడే పెద్ద తెర మీద ఒక ఆడ లింక్స్ తిరిగిన దారి చూపించారు. మూడు దేశాల మీద దారప్పోగు చిక్కులా ఉంది. సరిహద్దులను ఎన్నిసార్లు దాటిందో లెక్కే లేదు. దానికి ఆ గీతలున్నాయని తెలియదు కదా అనుకుంటూ ఆ తెర ముందు చాలాసేపు నిలబడ్డాను. అందరూ భోజనానికి వెళ్లిపోయారు.

ఐదో రోజు నా ఈ-సిమ్‌లో సగానికి పైగా నెట్ అయిపోయిందని మెసేజ్ వచ్చింది. నేను పెద్దగా వాడింది లేదే అనుకుని మా అమ్మాయిని అడిగితే, దేనికెంత పోయిందో ఎట్లా చూడాలో చెప్పింది. చూశాను. దాదాపు అంతా వీడియో కాల్సే. పప్పు మాడింది, చూడు. ఈ డబ్బాలున్నది ధనియాల పొడా, చూసి చెప్పు. వాషింగ్ మిషన్ తిరుగుతలేదు, ఏ గుండీ నొక్కాలె. మన దగ్గర సాయంత్రం ఏడైతే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. సరిగ్గా మేం అడవిలో ఉండే వేళ. వరుసగా నడుస్తున్న ఐదుగురిలో నేనొక్కదాన్నే వెనకబడి, చెట్టుకు ఆనుకుని, ఆరువేల కిలోమీటర్ల అవతల మా వంటింట్లో ఇంగువ ఎక్కడుందో చెబుతూ ఉండేదాన్ని. బాలమ్మ కొడుకు ఫోన్‌కు నేను పంపిన మంచు కొండ ఫోటోలు నాలుగు. నా కోసం నేను వాడుకున్నది ఆ నాలుగు ఫోటోలు, ఒక పిట్ట కూత విని దాని పేరు వెతుక్కోవడం.

ఆరో రోజు మూడు దేశాలు కలిసే కొండ ఎక్కించారు. పైన ఒక రాయి పాతి ఉంది. దాని చుట్టూ నాలుగడుగులు వేస్తే ఇటలీ, ఆస్ట్రియా, స్లోవేనియా మూడూ తిరిగినట్టే. గడ్డి ఒక్కటే, గాలి ఒక్కటే, అదే పసుపు పూలు మూడు వైపులా. నేను చెప్పులు విడిచి రాయి చుట్టూ నడిచాను. మూడుసార్లు తిరిగాను. ఎందుకో తెలియదు, నా కాళ్లు అట్లా తిరిగాయి. ఫోన్‌లో ఒకసారి ఇటలీ పేరు, ఒకసారి ఆస్ట్రియా పేరు. కెన్యా అమ్మాయి, నేపాల్ నుంచి వచ్చిన ఇద్దరు, బ్రెజిల్ ఆయన అందరూ నా వెనక తిరగడం మొదలుపెట్టారు. ఇరేనా నవ్వుతోంది. అప్పుడే దినేష్ వీడియో కాల్.

"ఇటలీల ఏం చేస్తున్నవ్?" అన్నాడు.

"ఇక్కడ మూడు దేశాలు కలుస్తయి. కొండ మీదికి తీస్కొచ్చిండ్రు."

"స్లోవేనియా అని గద చెప్పినవ్. ఇప్పుడు ఇటలీ చూపిస్తుంది, జరసేపటి కింద ఆస్ట్రియా చూపించింది. పక్కన ఎవరున్నరు?"

"అందరం ఉన్నం."

"అందరంటే? ఫోన్ తిప్పు. చుట్టూత చూపియ్యి."

తిప్పాను. ఒక్కొక్కరి ముఖం మీదుగా ఫోన్ జరుపుతూ ఆ రాయి చుట్టూ నిలబడ్డవాళ్లందరినీ చూపించాను. ఫోన్‌లో నా కుటుంబం పలకరిస్తోందనుకుని వాళ్లు సంతోషంగా చేతులూపారు. బ్రెజిల్ ఆయన టోపీ తీసి నమస్కారం పెట్టాడు. దినేష్, "ఈ గడ్డపాయనెవరు?" అన్నాడు. స్పీకర్‌లో వినపడింది. తెలుగు ఎవరికీ తెలియదు. అయినా నా చెవులు కాలిపోయాయి. ఇరేనా ఒక్కతే చెయ్యి ఊపలేదు. ఆమె నా ముఖం చూస్తోంది. కాల్ అయిపోయాక తన ఫ్లాస్కులోంచి టీ పోసి నా చేతిలో పెట్టింది. ఎదురుగా మూడు దేశాల కొండలు పొరలు పొరలుగా నీలంగా ఉన్నాయి. అంత అందం ముందు కూర్చుని నేను వాళ్లందరికీ ఏం క్షమాపణ చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. దానికి నేనే క్షమాపణ చెప్పాలనుకోవడం ఏమిటన్న ప్రశ్న అప్పటికి ఇంకా రాలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున ఆఫీసు తెర మీద ఆ ఆడ లింక్స్ జాడ లేదు. రెండు రోజులుగా ఒక్క కబురూ రాలేదని, అంతకుముందు కూడా నెలరోజులుగా ఒకే చోటి నుంచి అరకొరగా వస్తోందని చెప్పారు.  మా దగ్గర జాడ పోయిందంటే మొదట గుర్తొచ్చేది ఉచ్చు, లేకపోతే కరెంటు తీగ.

"ఏమైంది దానికి? ఎవరైనా చంపారా?" అని అడిగాను.

ఇరేనా మొహంలో దిగులు లేదు. కళ్లు మెరుస్తున్నాయి. "లేదు. రాతి లోపల ఉంటే సిగ్నల్ బయటికి రాదు. ఈ నెలలో ఆడది కనపడకుండా పోయిందంటే పిల్లలు పెట్టిందన్నమాట. కబురు రాకపోవడమే మంచి కబురు" అంది. తర్వాత తెర ఆపేసి, కుర్చీలో వెనక్కి వాలి, "ఉండనీ" అంది, తనలో తాను అనుకుంటున్నట్టు.

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అది ఎక్కడుందో తెలియకపోతే వీళ్లు సంతోషపడుతున్నారు. తలుపులు తీసి పరుగెత్తడం లేదు. గంటలు లెక్కపెట్టి రాయడం లేదు. అది తిరిగొచ్చాక నిలదీసేవాళ్లు లేరు. కనపడకపోవడానికి ఒక మంచి కారణం ఉండొచ్చని ముందే నమ్మేశారు.

పిల్లలు పుట్టి నాలుగు వారాలవుతుందని లెక్క. తల్లి వేటకు పోయిన వేళ చూసి, ఎన్ని పిల్లలో లెక్కపెట్టి, మచ్చల ఫోటోలు తీసి, ఐదు నిమిషాల్లో బయటపడాలి. ఆ మరుసటి రోజే పట్టీ నుంచి కబురు వచ్చింది, తల్లి బయటికొచ్చి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. వెంటనే బయలుదేరాం. ఇరేనా, ఆమె సహాయకురాలు, నేను. ఫోన్లన్నీ ఆపించి ఇరేనా తన సంచిలో వేసుకుంది. చిన్న చప్పుడు కూడా ఉండకూడదు. సహాయకురాలు యాంటెన్నా పట్టుకుని, పట్టీ నుంచి వచ్చే టిక్కుటిక్కులను బట్టి తల్లి ఎటున్నదో వింటూ కింద ఆగింది. మేమిద్దరం సున్నపురాతి గుట్ట ఎక్కాం. అదంతా బొరియలే. వంద ఉంటాయి. ఇరేనా ఒక్కొక్కదాంట్లో తొంగి చూస్తోంది. అరగంట అయింది. ఏమీ లేదు.

బాలమ్మ నాకొకసారి చెప్పింది, "గుహ దేవులాడొద్దు బిడ్డా. తల్లి నడిచే తొవ్వ దేవులాడు" అని. నేను గుట్ట దిగి, నేల మీద బోర్లా పడుకున్నాను. వెలుతురు పక్క నుంచి పడేటట్టు తల తిప్పి చూశాను. ఈ దేశపు మట్టి వేరు, ఆకు వేరు, వాసన వేరు. అయినా ఒక చోట రాతి మీది నాచు సన్నగా, ఒకే వరుసలో అరిగి ఉంది. రోజూ ఒకే మెత్తని పాదం పడితే అరిగినట్టు. దాని వెంట మోకాళ్ల మీద పోయాను. తొడ ఎత్తులో ఒక రాతి అంచుకు మూడు వెంట్రుకలు పట్టుకుని ఉన్నాయి. పైన బూడిదరంగు, కుదురు దగ్గర తేనెరంగు. ఆ పక్కనే, పడిపోయిన చెట్టు కింద, మనిషి పట్టీ పట్టనట్టున్న సందు. ఇరేనాకు చెయ్యి ఊపాను. ఆమె వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు లేకుండా పెదాలతోనే అంది, "నువ్వు కనిపెట్టావు. నువ్వే వెళ్లు."

చేతులకు తొడుగులు వేసుకుని, నుదుటికి చిన్న లైటు కట్టుకుని, ఇరేనా ఇచ్చిన చిన్న కెమెరా పట్టుకుని, పాకుతూ లోపలికి పోయాను. రాయి వీపును రాస్తోంది. చల్లగా ఉంది. రెండు బారలు పోయాక చల్లదనం పోయి, వెచ్చటి పాల వాసన వచ్చింది. నా బిడ్డ పుట్టిన కొత్తలో నా జాకెట్టు నుంచి వచ్చిన వాసనే. లైటు కిందికి వంచాను. మూడు. ఒకదాని మీద ఒకటి తలలు పెట్టుకుని, ఎండుటాకుల మీద. కళ్లు తెరిచి రెండు వారాలైనా అయిందో లేదో, నీలంగా ఉన్నాయి. చెవుల చివర కుచ్చులు ఇంకా రాలేదు, వస్తాయని చెప్పే నల్లటి నలుసు మాత్రం ఉంది. వాటిల్లో ఒకటి నన్ను చూసి, నిలబడలేక నిలబడి, నోరు పూర్తిగా తెరిచి బుస్సుమంది. అరచేతిలో పట్టే ప్రాణి, నన్ను బయటికి పొమ్మంటోంది. నేను ఊపిరి బిగబట్టాను. ఈ బొరియ మ్యాప్ మీద లేదు. పైనున్న ఉపగ్రహాలకు తెలియదు, మూడు దేశాల టవర్లకూ తెలియదు. ఒక తల్లి తనకు తోచినట్టు వెతుక్కుని, ఎవరికీ చెప్పకుండా, ఈ చీకట్లో మూడు ప్రాణాలను తయారుచేసింది. అడవుల్లో పన్నెండేళ్లు తిరిగాను. పులిని ఎదురుగా చూశాను. అప్పుడు భయమేసింది. ఇప్పుడు భయం కాదు. మోకాళ్ల మీదున్న నేను ఇంకా వంగిపోవాలనిపించింది. నుదురు రాతికి ఆనించి ఒక్క క్షణం అట్లాగే ఉన్నాను. తర్వాత ఫోటోలు తీసి, లైటు ఆపి, వెనక్కి పాకాను.

బయటికొచ్చి మూడు వేళ్లు చూపించాను. ఇరేనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి, చిన్నపిల్లలా ఏడ్చేసింది.

కిందికి దిగి వాగు ఒడ్డున కూర్చున్నాక అడిగాను, ఆ పట్టీ ఎన్నాళ్లుంటుంది దాని మెడకు అని.

"వచ్చే వసంతం దాకా. తర్వాత దానంతట అదే ఊడిపోతుంది. అట్లాగే కుట్టాం."

"ఊడిపోతే మీకు దాని కబురు తెలియదు కదా."

"తెలియదు. తెలుసుకోవాలని ఉంటుంది, చాలా ఉంటుంది. కానీ మెడ దానిది" అంది ఇరేనా, నీళ్లలో చేతులు కడుక్కుంటూ.

అద్దెకున్న ఇంటికి చేరాక నా ఫోన్ నాకిచ్చింది. తెరిచాను. మళ్లీ గీతలు లేచాయి. దినేష్ మెసేజీలు పదకొండు. వాటి మధ్య మా అమ్మాయి పంపిన గొంతు మెసేజ్ ఒకటి. ముందు అది విన్నాను. ఇంటర్ అయిపోయింది, వచ్చే నెల హైదరాబాద్‌లో డిగ్రీకి హాస్టల్లో చేరాలి తను. 

"అమ్మా, డాడీ ఇయ్యాల నా ఫోన్‌ల గూడ గది పెట్టిండు, మ్యాప్‌ల కనబడేటట్టు. వద్దు డాడీ, నాకు మంచిగనిపిస్తలేదు అన్న. మీ అమ్మ ఏడేండ్ల సంది పెట్టుకుంటలేదా, ఎన్నడన్న వద్దన్నదా, నీకేంది అన్నడు. నేనేం అనాలె అమ్మ?"

మంచం అంచున కూర్చున్నాను. ఎన్నడన్న వద్దన్నదా. నిజమే. నేను ఎన్నడూ వద్దనలేదు. గొడవ ఎందుకులే అనుకున్నాను, చిన్న విషయమే కదా అనుకున్నాను, భయంతోనే కదా పెట్టాడు అనుకున్నాను. నేను ఊరుకున్న ఏడేళ్లూ నా ఒక్కదానివే అనుకున్నాను. అవి నా బిడ్డకు జవాబుగా తయారవుతున్నాయని నాకు తెలియలేదు. ఆ నలభై రెండు సెకన్ల మెసేజ్ మళ్లీ విన్నాను. కిటికీ బయట కొండ మీద ఎండ ఇంకా పచ్చగానే ఉంది.

మ్యాప్ తెరిచి, నా బొమ్మ మీద నొక్కి, ఎవరెవరికి కనిపిస్తున్నానో చూశాను. ఒకే పేరుంది. పక్కనే ఆపెయ్యడానికి ఒక మాట ఉంది. ఏడేళ్లుగా అది అక్కడే ఉంది. దాని మీద వేలు పెట్టాను. ఒక్క నొక్కు. ఏ శబ్దమూ రాలేదు. ఫోన్‌లో గీతలు తగ్గలేదు, కొండ కదల్లేదు. ఇంతేనా అనిపించింది. ఇంత తేలికైన పనికి నేను ఎన్ని వందల సాయంత్రాలు సంజాయిషీ చెప్పానో తలుచుకుంటే, మూడు దేశాల రాయి దగ్గర కూడా పట్టనంత ఆశ్చర్యం పట్టుకుంది నన్ను.

మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"నీది నువ్వు తీసెయ్ బిడ్డా. మీ డాడీ అడిగితే, అమ్మ వద్దన్నదని చెప్పు. నాది గూడ తీసేసిన."

 "నిజంగనా అమ్మ?" అంది.

"నిజంగనే. హాస్టల్‌కు పోయినంక దినాం ఒకసారి ఫోన్ చెయ్యి, చాలు. నీకు చెప్పబుద్దయితే చెప్పు, నేను వింట."

ఆ తర్వాత స్నానం చేసి, తల దువ్వుకుని, ఇరేనా పెట్టిన టీ తీసుకుని బయట చెక్క మెట్ల మీద కూర్చున్నాను. దినేష్ కాల్ వచ్చింది. వీడియో. నేను వీడియో ఆపేసి, మాట మాత్రమే వినపడేటట్టు ఎత్తాను. వెనక కుక్కర్ విజిల్ వేస్తోంది. ఆయన గొంతులో కోపం లేదు, అదే హాజరు గొంతు, కాకపోతే కొంచెం పరేషాన్‌గా ఉంది.

"వసంతా, మ్యాప్‌ల నీ బిళ్ల కనబడ్తలేదు. గంటాయె. ఏమైంది, అక్కడ సిగ్నల్ లేదా?"

జవాబు నాలుక చివరకు వచ్చేసింది, ఏడేళ్ల అలవాటు కదా. దాన్ని అక్కడే ఆపి, టీ గ్లాసు పక్కన పెట్టాను.

"సిగ్నల్ మంచిగనే ఉన్నది. నేనే తీసేసిన."